డి డ్రైవ్ కాపాడింది, కానీ అది చాలదు

హార్డ్ డిస్క్‌ను భాగాలుగా విభజిస్తే సమాచారం భద్రంగా ఉంటుందని వ్యాసంలో రాశారు. సగం వరకే ఒప్పుకుంటాను. రెండేళ్ల క్రితం మా కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా చెడిపోయింది. సిస్టమ్ ఉండే భాగమైన సి డ్రైవ్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి, అంటే పూర్తిగా చెరిపేసి, సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించాం. మరో భాగమైన డి డ్రైవ్‌లోని పాప ఫొటోలు, నాన్నగారి పింఛను కాగితాల స్కాన్లు ఒక్కటీ చెక్కుచెదరలేదు. ఆ రోజు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు!

అయితే సి, డి రెండూ ఒకే డిస్క్ మీద గీసుకున్న గీతలే. డిస్కే పాడైతే రెండూ పోతాయి. ఫొటోలకు మరో నకలు వేరే డిస్క్‌లో ఉండి తీరాలి. విండోస్ 11 ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనీసం 64 జీబీ నిల్వ స్థలం కావాలి కాబట్టి సి డ్రైవ్‌కు ఇంకా ఎక్కువే కేటాయించండి. డెస్క్‌టాప్ మీద పెట్టుకునే ఫైళ్లు కూడా మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్ చేసే ముందు వాటిని తప్పక చూసుకోండి.