సిస్టమ్ టైప్ అనే ఒక్క లైనుకి, మా బాబాయ్ తరఫున

సిస్టమ్ టైప్ గారికి,

గారు అని మొదలుపెట్టా గానీ ఇంకో రెండు లైన్లకి నువ్వు అనేస్తానని ముందే చెప్తున్నా, ఎందుకంటే నీ వల్ల నిన్న మా ఇంట్లో అన్నం చల్లారిపోయింది.

నువ్వుండే అడ్రస్ ఏంటసలు? విండోస్ సెట్టింగ్స్‌లోకెళ్ళి, సిస్టమ్ నొక్కి, ఎడమ పక్క లిస్టు అడుగుదాకా దిగితే అబౌట్ అని ఒకటుంటుంది, అందులో పైనేమో ప్రోడక్ట్ ఐడీ అని ఎవడికీ అక్కర్లేని అంకెల కుప్ప, కిందేమో ఈ స్క్రీనుకి పెన్ను లేదు టచ్ లేదు అని ఎవరూ అడగని కబురు, ఆ రెండిటి మధ్య ఇరుక్కుని నువ్వు. ప్రింటర్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్, దించుకోబోతే మొదటి ప్రశ్నే నీ గురించి. 32 బిట్టా 64 బిట్టా, అంటే ఒక్కో విడతకి ఎంత పొడుగు అంకె పట్టుకుంటుందీ అని. మిషనుకి తెలిసిన సంగతి మనిషినెందుకు అడుగుతారో అది వేరే లేఖ రాయాలి.

ఇక అసలు గొడవ. మా బాబాయ్‌కి తెనాల్లో జిరాక్స్, డీటీపీ షాపుంది. మూఢం పోయింది, ముహూర్తాలు మొదలయ్యాయి, శుభలేఖల ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి, సరిగ్గా అప్పుడే పాత ప్రింటర్ చచ్చిపోయింది. కొత్తది కొన్నాడు, డ్రైవర్ వెయ్యాలి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వెలగబెడుతున్న అన్న కొడుకు ఒకడున్నాడు కదా, వాడికి ఫోన్ చేశాడు. నేను కలుపుకున్న ముద్ద కంచంలో పెట్టేసి, బాబాయ్ స్టార్ట్ మీద రైట్ క్లిక్ కొట్టు, సిస్టమ్ అని ఉంటుంది నొక్కు, సిస్టమ్ టైప్ ఎదురుగా ఏముందో చదువు అన్నా.

"64 ఉందిరా."

"గట్టిగా చూశావా?"

"ముప్పై ఏళ్ళనుంచి ప్రూఫులు దిద్దుతున్నా, నాకా చెప్తావ్?"

సరే అని 64 బిట్ డ్రైవర్ లింకు పంపా. దించాడు, నొక్కాడు. ఈ యాప్ మీ పీసీలో నడవదు, మీకు పనికొచ్చే వెర్షన్ కోసం సాఫ్ట్‌వేర్ పబ్లిషర్‌ని అడగండి అని ఇంగ్లీషులో నీలం డబ్బా ఒకటొచ్చింది. బాబాయ్‌కి పబ్లిషరంటే పుస్తకాలేసేవాడే, "ఆ పబ్లిషర్ విజయవాడలో ఉంటాడేంట్రా, కనుక్కోనా?" అనడిగాడు పాపం, నిజంగానే అడిగాడు. మళ్ళీ దించాం, మళ్ళీ నొక్కాం, యాంటీవైరస్ ఆపాం, ప్రింటర్ కేబుల్ పీకి పెట్టాం, గంటన్నర అయింది, చివరికి విసుగొచ్చి ఆ స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు బాబాయ్ అన్నా. పెట్టాడు. నువ్వు దొరికావ్.

32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్.

ఒక్క లైను, అందులో కామా పెట్టి రెండు వేర్వేరు సంగతులు, ఒకటి 32 ఇంకోటి 64! మా బాబాయ్ తప్పేం లేదు. అచ్చుతప్పులు దొరకాలంటే లైను చివర్నుంచి వెనక్కి చదవాలనేది ఆయన పద్ధతి, అలాగే చదివాడు, ముందు 64 తగిలింది, అక్కడే ఆగాడు. ప్రాసెసర్ సంగతి ఒక లైన్లో, విండోస్ సంగతి ఇంకో లైన్లో రాస్తే నీ సొమ్మేం పోయేది? కింద బోలెడు తెల్ల జాగా ఖాళీగానే ఉంది కదా. మా బాబాయ్ అయితే శుభలేఖలో పెళ్ళికూతురు పేరూ పెళ్ళికొడుకు పేరూ కామా పెట్టి ఒకే లైన్లో కొట్టడు, తంతారు.

నీకు ఓ సంగతి చెప్తా. మావాళ్ళు సంబంధం కలుపుకునేటప్పుడు ముందడిగేది గోత్రమే, ఒకటే గోత్రమైతే అక్కడితో ఆపేస్తారు. మీ వంశంలో తిరకాసు, డ్రైవర్ దగ్గర సగోత్రం కాకపోతేనే పెళ్ళి ఆగుతుంది. మామూలు 32 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ విండోస్ ఇంటికొస్తే వావ్64 అనే ఏర్పాటుంది, వసారాలో వేరే విస్తరేసి వడ్డిస్తారు, తిని పోతుంది. డ్రైవర్ అలా కాదు, సిస్టమ్‌తో ఒకే పంక్తిలో కూర్చోవాలి, అక్కడ గోత్రం కలవాల్సిందే. ఇక 32 బిట్ ఇంటికి 64 బిట్ చుట్టం వస్తే వసారా కూడా లేదు, గుమ్మంలోంచే వెనక్కి.

పోనీ పేర్లన్నా తిన్నగా ఉన్నాయా? ఆ డౌన్‌లోడ్ పేజీలో ఒక బటన్ మీద ఎక్స్86, ఇంకోదాని మీద ఎక్స్64 అనుంటే బాబాయ్ అన్నమాట, "86 పెద్దది కదరా, అదే వేద్దాం." లెక్క ప్రకారం ఆయనదే రైటు! ఎక్స్86 అంటే 86 బిట్లు కాదు బాబాయ్, 1978లో ఇంటెల్ వాళ్ళు 8086 అని చిప్పు తీశారు, తర్వాత 286, 386, 486 అంటూ అన్నిటికీ చివర 86 తగిలించుకుంటూ పోయారు, అది ఇంటిపేరైపోయింది, 1985లో 386తో ఆ ఇంట్లోకి 32 బిట్లొచ్చాయి గనక 32కి ఆ పేరు అంటుకుపోయింది అని చెప్పా. అంతా విని, "మరి ఈ ఫైలు పేరులో ఏఎండీ64 అనుందే, మనది ఇంటెల్ కదా" అన్నాడు. ఆ 64 బిట్ పద్ధతి ముందు తెచ్చింది ఏఎండీ అనే పోటీ కంపెనీ, 2003లో ఆప్టెరాన్ అనే చిప్పుతో, తర్వాత ఇంటెల్ కూడా అదే బాట పట్టింది, పేరు మాత్రం పక్కింటి వాళ్ళదే ఉండిపోయింది. ఇది చెప్పేసరికి బాబాయ్ ఫోన్ పిన్నికిచ్చేశాడు.

సిస్టమ్32 ఫోల్డర్ గురించి ఆయనకి చెప్పనే లేదు. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 లోపల ఉండేవి 64 బిట్ ఫైళ్ళు, సిస్‌వావ్64 లోపల ఉండేవి 32 బిట్ ఫైళ్ళు. రెండిళ్ళ నేమ్ బోర్డులు తారుమారు చేసి, పాత ప్రోగ్రాములకి దారి తప్పకూడదని అలాగే ఉంచేశారు. ఇంకా ప్రాసెసర్ ఏ జాతిదో ప్రోగ్రాములకి చెప్పే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ వేరియబుల్ ఒకటి, 64 బిట్ ప్రోగ్రామ్ అడిగితే ఏఎండీ64 అంటుంది, అదే మిషన్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ అడిగితే ఎక్స్86 అంటుంది, అంటే అడిగినోడి మొహం చూసి జవాబు చెప్పడమన్నమాట. విండోస్‌కి బదులు వాడే లినక్సులో యూనేమ్ హైఫన్ ఎమ్ అని కొడితే ఒక్క మాటలో తేలుస్తాడు గానీ ఆ మాట ఎక్స్86 అండర్‌స్కోర్ 64, అక్కడా రెండు అంకెలే, మా బాబాయ్‌కి అది చూపించే ధైర్యం నాకు లేదు.

ఫొటోలో నీకు కాస్త పైన ఇంకో లైను చూసి కడుపు తరుక్కుపోయింది. ర్యామ్ 8 జీబీ, పక్కన బ్రాకెట్లో వాడుకోదగ్గది 3 చిల్లర. ఆ పీసీ కొన్నప్పుడు ఉన్నది 2 జీబీ, అప్పుడు షాపువాడు చేతికందిన 32 బిట్ విండోస్ ఎక్కించాడు, తర్వాత శుభలేఖల ఫైళ్ళు బరువెక్కి స్లో అవుతుంటే ఇంకెవడో డబ్బులు తీసుకుని ర్యామ్ పెంచాడు, నీ మొహం మాత్రం ఇద్దరూ చూళ్ళేదు. 32 బిట్లతో ర్యామ్ గదులకి వేయగలిగే డోర్ నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, అంటే 4 జీబీ, అందులోనూ గ్రాఫిక్స్ కార్డుకీ మిగతా పరికరాలకీ కొన్ని పోతాయి. మిగిలిన ర్యామ్ అంతా కరెంటు తింటూ కూర్చున్న అద్దెకివ్వని పోర్షన్. నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావ్ కదా, ఒక్క మాటంటే ఏం పోయింది?

అక్కడితో అయిపోలేదు. 32 మీదనుంచి 64కి అప్‌గ్రేడ్ అని నొక్కితే పోదట, మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాలట. బాబాయ్ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగి రాత్రి రెండింటిదాకా కూర్చున్నాం, నేను రిమోట్‌లో, ఆయన నిద్రలో. 64 బిట్ విండోస్ 10 ఎక్కింది. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయిందని తెలుసు, 11లో అసలు 32 బిట్టే లేదనీ తెలుసు, ఆ మిషను 11కి పనికిరాదనీ తెలుసు, ముందు శుభలేఖలు ప్రింటవ్వాలి. అయ్యాయి. పొద్దున ఫొటో పంపాడు, పసుపు అంచుతో బాగా వచ్చింది.

ఇట్లు,
కామా దాకా రాకుండానే ఆగిపోయి తిట్లు తిన్న బాబాయ్ తరఫున,
చల్లారిన అన్నమే తిన్న అన్న కొడుకు

తా.క.: ఇది రాస్తుండగానే బాబాయ్ మళ్ళీ ఫోన్. పిన్ని వాళ్ళన్నయ్య కూతురు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుందట, షాపుకొచ్చి అదే ప్రింటర్ తగిలించింది, రాత్రి పనిచేసిన డ్రైవరే వేస్తే ఎక్కట్లేదట. "ఈసారి ముందునుంచీ చదివాన్రా, కామా తర్వాత కూడా చదివాను. 64-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అనే ఉంది. పక్కన ఏఆర్ఎమ్-బేస్డ్ ప్రాసెసర్ అంటున్నాడు, అదెవర్రా?"