ఒక స్టాండు, ఇద్దరు పిల్లలు

పోయిన ఉగాదికి మా అమ్మాయి స్టేజీ మీద మూడు నిమిషాలు పియానో వాయించి, దండం పెట్టి దిగిపోయింది. తర్వాత వాయించిన పిల్లల్లో ఎవరు ఏం వాయించారే అని ఇంటికొచ్చాక అడిగితే చెప్పలేకపోయింది. తప్పు దానిది కాదు. మనం నేర్పించేదే అలా ఉంది.

అప్పటి నుంచి పియానో విద్వాంసుడు, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ డేనియల్ బారెన్‌బోయిమ్ గుర్తొస్తున్నారు. 1942లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ పియానో టీచర్లు. ఇంటికొచ్చే వాళ్లంతా పాఠానికే వచ్చేవారు కాబట్టి, లోకంలో అందరూ పియానో వాయిస్తారనే చిన్నప్పుడు అనుకునేవారట. ఏడేళ్లకే తొలి కచేరీ. 1954లో పెద్ద కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ ఆ పిల్లాడి వాయిద్యం విని, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించమని పిలిచారు. నాన్న వద్దన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లే. యూదు కుటుంబం బెర్లిన్ వెళ్లే రోజు ఇంకా రాలేదన్నారు. పిల్లలకొచ్చే ఏ చాన్సూ వదలలేని నాలాంటి వాళ్లకి ఆ తండ్రిని చూస్తే గౌరవం కలుగుతుంది.

పదిహేడేళ్లకి బీథోవెన్ పియానో కోసం రాసిన సొనాటాలనే రచనలు 32 మొత్తం కచేరీల్లో వాయించారు. తర్వాత కండక్టర్‌గా పారిస్, 1991 నుంచి 2006 దాకా షికాగో, 1992 నుంచి 2023 దాకా బెర్లిన్ స్టేట్ ఒపేరా. అయినా పియానో వదల్లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టారనే మాట నేను ఒప్పుకోను. మోజార్ట్ కాన్చెర్టోలు, అంటే పియానోకి ఆర్కెస్ట్రా తోడుండే రచనలు, ఆయన పియానో దగ్గర కూర్చునే నడిపించిన వీడియోలు చూడండి. పియానో మూత తీసేస్తారు. ఆయన వీపు మనవైపు, ముఖం ఆర్కెస్ట్రా వైపు. ఒక చెయ్యి ఖాళీ దొరికితే గాల్లోకి లేస్తుంది. రెండూ పియానో మెట్ల మీద ఉంటే తలూపుతారు, కళ్లతోనే పిలుస్తారు. మన కచేరీలో మృదంగం వాయించే ఆయన గాయకుడి వైపు చూసే చూపే అది. వాయిస్తూనే పక్కవాళ్లని వినడం.

1999లో పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్‌తో కలిసి జర్మనీలోని వైమార్‌లో అరబ్, ఇజ్రాయెలీ కుర్రాళ్లని ఒక ఆర్కెస్ట్రాగా కూర్చోబెట్టారు. వయొలిన్, చెల్లో వాళ్లకి స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు ఇద్దరికి ఒకటి. ఒకరు పేజీ తిప్పుతారు, మరొకరు వాయిస్తూనే ఉంటారు. ఇద్దరి కమాను ఒకేసారి కదలాలి, స్వరం ఒకే స్థాయిలో పలకాలి. పక్కవాడిది ఏ దేశమైనా సరే, వినక తప్పదు. దీంతో శాంతి వచ్చేస్తుందని ఆయన చెప్పలేదు. అజ్ఞానం మీద పోరాటం అన్నారు.

ఇరవై ఇళ్లల్లో ఇరవై మంది పిల్లలు తలుపులేసుకుని ఒంటరిగా సాధన చేస్తున్నారు. వచ్చే ఉగాదికి వేడుకల కమిటీ ఒక్క పావుగంట ఇస్తే చాలు: ఆరుగురు పిల్లలు, మూడు స్టాండ్లు, ఒకే పాట. శనివారాలు మా బేస్‌మెంట్ ఖాళీగానే ఉంటుంది. కాఫీ, ఇడ్లీ మా ఇంట్లోనే.