ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి డబ్బులు తీసుకుంటే మోసమా?

మా విజయనగరం షాపుల్లో ఒక చిత్రం చూడండి. ఫార్మాట్ కొట్టి, క్రాక్ విండోస్ (అంటే లైసెన్సు కొనకుండా వాడే దొంగ కాపీ), క్రాక్ ఆఫీసు, పైన ఫోటోషాప్ కూడా వేసి ఐదొందలు అడిగితే ఎవరూ కిక్కురుమనరు. అదే షాపాయన విండోస్‌కి బదులు లినక్స్ మింట్, ఆఫీసుకి బదులు లిబ్రాఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వేసి అదే ఐదొందలు అడిగితే మాత్రం తగువే. "ఏటి బాబూ, నెట్‌లో ఊరికే దొరికినదానికి డబ్బులేటి?" దొంగసరుకుకి ఆడని బేరం నిఖార్సైన సరుకుకి ఆడతాం.

డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఉచిత సాఫ్ట్‌వేర్ చాలావాటికి ఉండే జీపీఎల్ అనే లైసెన్సు 2007 నాటి మూడో వెర్షన్‌లోనే ఉంది, కాపీకి ఎంత ధరైనా పెట్టుకోవచ్చు, ఊరికేనూ ఇవ్వొచ్చు అని. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ స్వయంగా 1985లో ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ టేపు ఒక్కోటి 150 డాలర్లకి అమ్మాడు. లిబ్రాఫీస్ వాళ్ల సైట్లో ఊరికే వస్తుంది, యాపిల్ స్టోర్‌లో 2022 నుంచి వాళ్లే ధర పెట్టి అమ్ముతున్నారు. ఓపెన్ సోర్స్ (సోర్సు, అంటే ప్రోగ్రాం అసలు కోడు, అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్) మీదే బతికిన రెడ్‌హ్యాట్ కంపెనీని ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకి కొంది. అక్కడైతే వ్యాపారం, మా గంటస్తంభం దగ్గరైతే మోసమా?

ఇసుక ఉచితమని ప్రభుత్వం 2024లో చెప్పింది. అయినా నాగావళి ఇసుక ఇంటి ముందు పడాలంటే లోడింగుకీ, ట్రాక్టరుకీ ఇచ్చుకుంటున్నాం కదా.

షాపాయన పని ఏమిటో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. ముందు డి డ్రైవ్‌లో ఉన్న పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు వేరే డిస్కులోకి ఎక్కించాలి. తర్వాత వైఫై చూడాలి, ప్రింటరు కలిపి ఒక కాగితం తీయాలి, తెలుగు కీబోర్డు పెట్టాలి, యూనికోడ్ ఫాంట్లు వేయాలి. అన్నట్టు గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఓపెన్ లైసెన్సు ఫాంట్లున్నాయి, మనవాళ్ల పేర్లే. వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు, అమ్మొచ్చు. విడిగా ఫాంటునే అమ్మడానికి మాత్రం ఆ లైసెన్సు ఒప్పుకోదు. ఇంత పనికి సగం పూట పడుతుంది. దానికి కూలి వద్దా?

క్రాక్ సంగతీ చెప్పాలి. దొంగ కాపీని నడిపించే యాక్టివేటర్ ప్రోగ్రాములు చాలావరకు ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. ఇంటికి తాళం తీసి పెట్టమని అడిగేవాణ్ని ఎవరైనా నమ్ముతారా? పైగా కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద, దొంగ కాపీ అని తెలిసీ వ్యాపారానికి కంప్యూటర్లో వాడితే కనీసం ఏడు రోజుల జైలు, 50 వేల జరిమానా నుంచి మొదలవుతుంది. వాడినవాళ్లకే ఇది. మా డీటీపీ మిత్రులకి ఈ మాట చెబితే నవ్వేస్తారు.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 అర్హతే లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న డిగ్రీ కుర్రాడి మెషీన్‌కి ఒక ఎస్‌ఎస్‌డీ (వేగమైన డిస్కు) తగిలించి మింట్ వేస్తే ప్రాజెక్టు రిపోర్టు రాసుకోడానికి, క్లాసులు చూడ్డానికి సరిపోతుంది. షాపులకి ఇంతకంటే మంచి అదను రాదు.

అలాగని షాపువాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. రంగులు మార్చి విండోస్‌లా కనిపించేట్టు చేసి, పేరు చెప్పకుండా అంటగడితే అది మోసమే. ఇది ఇంటర్నెట్లో ఊరికే దొరుకుతుంది, నేను తీసుకునేది పని కూలి అని ముందే చెప్పాలి. ట్యాలీ మీద లెక్కలు రాసుకునే కిరాణా ఆయనకి లినక్స్ అంటగట్టకూడదు, ట్యాలీ విండోస్ మీద నడిచేది. కొన్ని ప్రింటర్లు లినక్స్‌తో చుక్కలు చూపిస్తాయి, అదీ దాచకూడదు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి అమ్మేవాళ్లకైతే ఇంకో బాధ్యత ఉంది: జీపీఎల్ సరుకు అయితే సోర్సు కూడా ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లేలా రాసివ్వాలి. బిల్లు వెనక రెండు లైన్లు, అంతే. అసలు బిల్లంటూ ఇస్తే.

మా తోడల్లుడి ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడుంది. బొబ్బిలి, గజపతినగరం వైపు బిల్లు రాసి ఈ పని చేసే షాపు తెలిస్తే చెప్పండి. ఎంతడిగినా బేరం ఆడను. సరే, ఎనిమిదొందలు దాటితే ఆడతాను.