మహారాజశ్రీ జామీను గారి సముఖానికి

విశాఖపట్నం

అయ్యా,

ఇక్కడ మేమంతా క్షేమం, అడవివరం జైల్లో ఉన్న మా తాపీమేస్త్రి తప్ప. మీ క్షేమం అడగను. నిన్ననే ఒక కోర్టు వరండాలో మీ వైభవం కళ్లారా చూసి వచ్చాను.

మేస్త్రిది శ్రీకాకుళం జిల్లా. పదేళ్లుగా మధురవాడలో అపార్టుమెంట్లు కడుతున్నాడు. సిమెంటు బస్తాలు మాయమైన కేసులో పట్టుకున్నారు. పన్నెండో రోజున బెయిలు వచ్చింది. ఇంట్లోవాళ్లు పాపం సింహాద్రి అప్పన్నకు కొబ్బరికాయ కూడా కొట్టేశారు. బెయిలిచ్చేది కోర్టే అయినా జైలు తలుపు తీయించేది మీరని వాళ్లకేం తెలుసు?

మేస్త్రి అన్నగారు తమ్ముడికి పూచీ పడదామని పట్టాదారు పాసు పుస్తకం గుండెలకు అదుముకుని బస్సెక్కి వచ్చాడు. పొలం వేరే జిల్లాలో ఉంది కనుక చెల్లదన్నారు. స్థానికులే కావాలట! తెలియక అడుగుతాను, పోర్టనీ స్టీలు ప్లాంటనీ షిప్‌యార్డనీ నలుమూలల నుంచి వచ్చి చేరినవాళ్లను తీసేస్తే, జాలరిపేటల వాళ్లు కాక ఈ ఊళ్లో స్థానికులు ఎందరు మిగులుతారు?

ఉక్రోషం కొద్దీ మీ పాత సంగతులు తవ్వాను. 1978లో మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే ఆయన మీకు చిక్కాడు. వృత్తి చూద్దును కదా, అతనూ తాపీమేస్త్రే! సుప్రీంకోర్టు బెయిలిస్తే, కింద మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు జామీను అడిగి, సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు ఒళ్లు మండింది. చాందినీ చౌక్‌లో అరెస్టయిన ఆంధ్రుడి గతేమిటని అడిగి, 1,000 రూపాయల సొంత పూచీ మీద వదిలేయమన్నారు. అంత పెద్దాయనకూ ఒకటి తోచలేదు. ఆంధ్రుడు చాందినీ చౌక్ దాకా పోనక్కర్లేదు, విజయనగరం దాటి ఇటు వస్తే చాలు.

మరుసటి ఏడే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిన బీహారీల కథ అది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది, స్థానిక జామీను కోసం పట్టుబట్టవద్దని. మీరు చలించారా? పారిపోయే స్తోమత ఉన్నవాడికి చిటికెలో దొరుకుతారు. ఊరు దాటడానికి బస్సు చార్జీ లేనివాడి మీదే మీ అనుమానమంతా.

సరే, నేనే నిలబడదామని ఇంటి పన్ను రసీదు తీసుకువెళ్లాను. అది ఇంకా మా నాన్నగారి పేరనే ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మాట నేను చెప్పేలోపే గుమాస్తా కాగితం తిరగేసి, ఫరవాలేదు, ఆయననే ఆధార్ కార్డుతో రేపు పది గంటలకు రమ్మనండి అన్నాడు.

ఇట్లు,
మేస్త్రి సగం కట్టి వదిలిన ప్రహరీ లోపలి నివాసి