నిబంధనకు తొలి గండి

చేపల సరస్సులో పడవల మోటారు శక్తికీ వేగానికీ ఉన్న పరిమితిని వారాంతాల్లో కొన్ని విహార పడవలకు సడలిస్తున్నట్లు సరస్సు నిర్వహణ కమిటీ ప్రకటించింది. ‘తాత్కాలికంగా’, ‘ప్రయోగాత్మకంగా’, ‘ఎంపిక చేసిన పడవలకు మాత్రమే’ అన్న మాటలు ఉత్తర్వులో ఉన్నాయి. ప్రయోగం ఎన్నాళ్లో, దాని ఫలితాన్ని ఎవరు ఏ కొలతతో తేలుస్తారో, పడవలను ఎంపిక చేసేది ఎవరో మాత్రం అందులో లేదు. గడువు రాయని సడలింపును తాత్కాలికమని నమ్మడం మా వల్ల కాదు. ఉత్తర్వును వెంటనే ఉపసంహరించుకోవాలని ఈ పత్రిక కోరుతోంది. వచ్చే శనివారం నీటిలోకి దిగబోయే నాలుగైదు పడవలకన్నా, వాటిని చూపించి రేపు వరుస కట్టబోయే పడవలే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నాయి.

సరస్సు అందరిదీ అనీ, వారంలో రెండు రోజులు తమకు వదిలితే మత్స్యకారులకు పోయేదేమీ లేదనీ, సందర్శకులు పెరిగితే ఒడ్డున బతికేవారికీ నాలుగు డబ్బులు వస్తాయనీ విహార పడవల వారు వాదిస్తున్నారు. సరస్సు అందరిదీ అన్న మాటతో మాకు పేచీ లేదు. అందరిదీ కనుకనే అందరికీ ఒకే నిబంధన ఉండాలన్నది మా వాదన.

పరిమితి ఎందుకు పెట్టారో కమిటీ మరచిపోయినట్లుంది కనుక నీటి సంగతి ముందు చెప్పుకోవాలి. పడవ వెనక లేచే అలలోని శక్తి ఆ అల ఎత్తుకు వర్గానుపాతంలో పెరుగుతుంది. అంటే ఎత్తు రెట్టింపైతే ఒడ్డును తాకే శక్తి నాలుగింతలు, ఎత్తు మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. విశాలమైన జలాశయంలో అల సాగి సాగి ఒడ్డు చేరేలోగా చాలావరకు అణగిపోతుంది. చిన్న సరస్సులో అణగడానికి దానికి దూరం చాలదు. పుట్టిన బలంతోనే వచ్చి మట్టిగట్టును కోస్తుంది, రాతికట్టు ఉన్నచోట వెనక్కి మళ్లి మరో పడవ అలతో కలుస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం పెద్ద అలలు లేపే పడవ క్రీడలకు 2024లో కొన్ని షరతులు విధించింది. ఒడ్డు నుంచి కనీసం 500 అడుగుల దూరం, కనీసం 20 అడుగుల లోతు ఉన్న నీరు ఒక్కచోటే 50 ఎకరాలకు తగ్గకుండా ఉంటే తప్ప ఆ క్రీడలకు అక్కడ అనుమతి లేదు. మన సరస్సులో చాలాచోట్ల ఈ ఒడ్డు నుంచి 500 అడుగులు, ఆ ఒడ్డు నుంచి 500 అడుగులు కొలిస్తే నడుమ మిగిలే నీరే ఉండదు. ఈ కొలత కమిటీ ఒక్కసారైనా వేసిందా?

పడవ వేగంగా పోతే నీటిపైకి తేలి జారుతుందనీ, అప్పుడు అల చిన్నదవుతుందనీ మోటారు పడవల వారు చెప్పేది నిజమే. అయితే అది సగం నిజం. నీటిని చీల్చుకుంటూ నెమ్మదిగా సాగే దశకూ, నీటిమీద జారే దశకూ నడుమ మరో దశ ఉంది. అప్పుడు పడవ ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం నీటిలోకి దిగబడుతుంది, అన్నిటికన్నా పెద్ద అల అప్పుడే పుడుతుంది. జారే వేగాన్ని అందుకునేటప్పుడు ఒకసారి, వేగం తగ్గించేటప్పుడు మరోసారి ప్రతి పడవా ఈ దశను దాటక తప్పదు. జోరు అందుకునేలోపే ఎదుటి ఒడ్డు వచ్చే సరస్సులో పడవ వేగం తగ్గించడం, తిరగడం, మళ్లీ పెంచడంతోనే సరిపోతుంది. ఉత్తర్వులో ‘మితమైన వేగం’ అని రాసి ఊరుకున్నారు. అది ఎంత వేగమో అంకెల్లో రాయలేదు. నెమ్మదికీ జోరుకూ మధ్యన ఉండే ఆ వేగమే ఒడ్డుకు అన్నిటికన్నా చేటు చేస్తుందని సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారిని ఒక్కరిని అడిగినా చెప్పి ఉండేవారు.

లోతు తక్కువైనచోట నష్టం ఒడ్డు కోతతో ఆగదు. ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీరు అడుగును తాకి ఒండ్రును లేపుతుంది. ముతక ఇసుక నిమిషాల్లో దిగిపోతుంది కానీ, సన్నని బంకమట్టి రోజుల తరబడి నీటిలోనే తేలుతూ ఉంటుంది. అందువల్ల ‘వారంలో రెండు రోజులే’ అన్న లెక్క కాగితం మీద కుదిరినా నీటిలో కుదరదు. ఒండ్రుతోపాటు అందులో ఒదిగి ఉన్న భాస్వరం కూడా పైకి వచ్చి నాచుకు మేత అవుతుంది. నీరు మసకబారి వెలుతురు అడుగుదాకా చేరకపోతే నీటి మొక్కలు చస్తాయి, వాటి వేళ్లు పట్టి ఉంచిన ఒండ్రు వదులై మరింత తేలిగ్గా లేస్తుంది, దానితో నీరు ఇంకా మసకబారుతుంది. లోతులేని సరస్సు ఒకసారి ఈ సుడిలో పడితే పడవలు ఆపినంత మాత్రాన తిరిగి తేటపడదు. నచ్చకపోతే రద్దు చేస్తాంలే అని కమిటీ సభ్యులు చెబుతున్నారు. రద్దు చేయగలిగేది ఉత్తర్వును మాత్రమే.

చేపల సంగతి మరీ దారుణం. కొర్రమీను ఒడ్డువార తుంగ నడుమ, నిలకడగా ఉన్న నీటిలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీటి పైన తేలుతూ ఉంటే పెద్ద చేపలు కింద కాపలా కాస్తాయి. పొదిగి బయటపడిన పిల్లలు కొన్నాళ్లపాటు ఎర్రటి గుంపుగా పైపొరలోనే తిరుగుతాయి. తెడ్డు వేసే మనిషికి ఆ గుంపు కనబడుతుంది, పక్కకు తప్పుకునే వీలుంటుంది. వేగంగా వచ్చే పడవ నడిపేవాడికి కనబడేలోపే పడవ వాటిమీద నుంచి వెళ్లిపోయి ఉంటుంది. పడవ ఎంతో దూరాన పోయినా దాని అల వచ్చి తుంగలోని గుడ్లను చెల్లాచెదురు చేస్తుంది. ఏడాదంతా పట్టవలసిన చేప ఆ కొద్ది వారాల్లో, ఆ మూరెడు లోతు నీటిలోనే తయారవుతుంది. గుడ్లు పెట్టే కాలానికైనా సడలింపు వర్తించదన్న ఒక్క వాక్యం ఉత్తర్వులో లేకపోవడం మమ్మల్ని ఆగ్రహానికి గురిచేసింది.

ఇక మనుషుల ప్రాణాలు. విసురు వల వేయడానికి చిన్న పడవ అంచున నిలబడిన మనిషికి అడ్డంగా వచ్చే ఒక్క అల చాలు. తెప్పలు నీటికి ఆనుకునే ఉంటాయి, దూరం నుంచి కనబడవు. పడవ వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పుడు తగిలే శక్తి నాలుగింతలవుతుంది, నడిపేవాడు చూసి తప్పించడానికి మిగిలే సమయం సగమవుతుంది. ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

ఇవన్నీ చెప్పాక కూడా, నాలుగైదు పడవలతో ఏం మునిగిపోతుందని అడిగేవారు ఉంటారు. మా అసలు భయం అక్కడే ఉంది. ఈ రోజు నాలుగు పడవలకు ఇచ్చిన అనుమతిని రేపు ఐదో పడవకు ఏ కారణంతో నిరాకరిస్తారు? శని, ఆదివారాలకు ఇచ్చినదాన్ని సోమవారం సెలవు వస్తే ఏ ముఖంతో కాదంటారు? ఒక సీజన్ గడిచాక, అప్పు చేసి పడవ కొన్నామనీ, టికెట్లు ముందే అమ్ముకున్నామనీ, పనివాళ్లను పెట్టుకున్నామనీ వాళ్లు వస్తే, ఆ వ్యాపారాన్ని పెరగనిచ్చిన కమిటీయే దాన్ని మూయించగలదా? ఏకులా వచ్చినది మేకై కూర్చునేది ఇలాగే. పరిమితి ఉన్నంతకాలం కమిటీ ‘నిబంధన ఒప్పుకోదు’ అన్న ఒక్క మాటతో ఎవరినైనా తిప్పి పంపగలిగింది. ఇకమీదట ప్రతి దరఖాస్తుకూ ‘వాళ్లకెందుకు ఇచ్చారు, మాకెందుకు ఇవ్వరు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి, ఆ ప్రశ్నకు కమిటీ దగ్గర న్యాయమైన జవాబు లేదు.

ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు చరిత్ర చూస్తే చాలు. ఆ దేశంలోకెల్లా పెద్దదైన ఆ సహజ సరస్సు దాదాపు 17 కిలోమీటర్ల పొడవుంటుంది. అంత సరస్సులోనూ వేగపు పడవలు మిగిలినవారికి చోటు లేకుండా చేస్తున్నాయని గంటకు 10 నాటికల్ మైళ్ల (సుమారు 18.5 కిలోమీటర్ల) పరిమితిని ప్రతిపాదిస్తే, అప్పటికే స్థిరపడిన వ్యాపారాల నుంచి ఏళ్ల తరబడి ప్రతిఘటన ఎదురైంది, బహిరంగ విచారణ జరిగింది. 2000లో ఆమోదం దొరికాక కూడా అది అమల్లోకి రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. మన సరస్సులో వేగానికి పరిమితి ముందే ఉంది. ఇతరులు ఏళ్లు పోరాడి సాధించుకున్నదాన్ని మన కమిటీ ఒక్క సమావేశంలో వదులుకుంది.

అదే ప్రాంతంలోని కోనిస్టన్ సరస్సులో వేగ రికార్డుల కోసం ఏటా ఒక వారం పరిమితి సడలిస్తారు కదా అని ఎవరైనా అనవచ్చు. అది సుమారు 8 కిలోమీటర్ల పొడవైన సరస్సు. సడలింపు ఏడాదికి ఒక నిర్ణీత వారానికి, ఒక నిర్ణీత పనికి మాత్రమే. ప్రతి శనివారం తెరిచే తలుపుతో దానికి పోలిక లేదు. పోల్చదలచుకుంటే అమెరికాలోని మిన్నెసోటా సరిహద్దు సరస్సుల వన్యప్రాంతానికి 1978లో చేసిన చట్టంతో పోల్చాలి. ఏ సరస్సులో 10 హార్స్‌పవర్, ఏ సరస్సులో 25 హార్స్‌పవర్ దాటరాదో పేరుపేరునా చట్టంలోనే రాశారు. స్థానిక కమిటీ సమావేశంలో చేతులెత్తి మార్చుకునే వీలు లేకుండా చేశారు. మన కమిటీకి ఆ వీలు ఉంది కాబట్టే ఈ రోజు ఈ దుస్థితి.

మోటారు శక్తి పరిమితిని తీసేసి వేగాన్ని మాత్రం గమనిస్తూ ఉంటామన్న హామీ కూడా నిలిచేది కాదు. మోటారు శక్తిని పడవ నీటిలోకి దిగకముందే, గట్టుమీదే, మోటారుపై ఉన్న రేకు చదివి తేల్చవచ్చు. అందుకు ఒక్క కాపలాదారు చాలు. వేగాన్ని కొలవాలంటే నీటిలో మనిషి ఉండాలి, పరికరం ఉండాలి, పరిమితి మీరిన పడవను పట్టుకోవడానికి కమిటీ పడవ కూడా ఆ పరిమితి మీరాలి. సులువుగా అమలయ్యేదాన్ని తీసేసి కష్టంగా అమలయ్యేదాన్ని ఉంచితే చివరికి రెండూ అమలు కావు.

విద్యుత్ మోటార్లకైతే అభ్యంతరం ఏమిటన్న వాదన కూడా మొదలైంది. పాత టూ స్ట్రోక్ మోటార్లలో ఇంధనం దాదాపు నాలుగో వంతు కాలకుండానే నీటిలోకి పోతుంది. అమెరికాలోని టాహో సరస్సులో 1999లో కార్బురేటర్ టూ స్ట్రోక్ మోటార్లను నిషేధించింది అందుకే. ఆ బెడద విద్యుత్ మోటారుతో తప్పుతుంది, దాన్ని మేము స్వాగతిస్తాం. కానీ జోరుగా పోయే పడవ బ్యాటరీతో నడిచినా పెట్రోలుతో నడిచినా గట్టును కోసే అల ఒకటే. జర్మనీలోని క్యోనిగ్‌సీ సరస్సులో 1909 నుంచీ ప్రయాణికుల పడవలు విద్యుత్తుతో, నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. వేగం లేకపోయినా సందర్శకులు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. సందర్శకులు రావాలంటే వేగం ఉండాలన్న వాదనకు ఆ సరస్సు ఒక్కటే సమాధానం.

ఇందులో ఇంకొక అన్యాయం ఉంది, దాన్ని చెప్పకుండా వదిలేస్తే ఈ పత్రిక తన పని చేయనట్లే. పరిమితికి మించిన పాత మోటారు బిగించుకున్నారని ఇదే కమిటీ మత్స్యకారుల నుంచి జరిమానా వసూలు చేసింది. అప్పుడు మేము కమిటీనే సమర్థించాం, నిబంధన పేదకూ పెద్దకూ ఒకటేనని రాశాం. ఇప్పుడు ఆ జాలరి వచ్చి ‘నా మోటారు తప్పైతే శనివారం వచ్చే ఆ మోటారు ఎలా ఒప్పైంది’ అని అడిగితే ఏమని చెప్పాలి? అతను రేపు మళ్లీ పెద్ద మోటారు బిగిస్తే ఆపే నైతిక హక్కు కమిటీకి ఉండదు. అతన్ని చూసి ఇంకొకరు, వారిని చూసి మరొకరు బిగిస్తారు. విహార పడవలు ఒక్కటీ రాకపోయినా ఈ ఉత్తర్వు చేసే చేటు అది. కంచే చేను మేస్తే కాపుకు దిక్కెవరు?

కమిటీ ఇప్పుడు చేయవలసిన పనులు స్పష్టం. ఉత్తర్వును ఈ శనివారానికి ముందే రద్దు చేయాలి. సడలింపు కోరినవారి దరఖాస్తులను, ఏ సభ్యుడు ఏ కారణంతో సమ్మతించారో తెలిపే సమావేశ పత్రాలను బయటపెట్టాలి. మోటారు శక్తి, వేగం రెండింటి పరిమితినీ అంకెల్లో రాసి, మత్స్యకారుల సమ్మతి లేకుండా కమిటీ ఒంటరిగా మార్చలేని విధంగా నియమావళిలో చేర్చాలి. ఇందులో ఒక్కటి కూడా డబ్బుతోనో, నిపుణులతోనో, అదనపు సమయంతోనో పనిపడేది కాదు. సంతకం పెట్టడానికి అరగంట చాలినవారికి దాన్ని వెనక్కి తీసుకోవడానికీ అరగంటే చాలు.

పరిమితులు రాసిన బోర్డు ఇప్పటికీ పడవల రేవు దగ్గరే నిలబడి ఉంది. దాని అడుగున ‘నిర్వహణ కమిటీ ఆజ్ఞ’ అని ఉంది. సభ్యులు ఆ మాటకు కట్టుబడి ఉండాలి. అది చేతకాకపోతే ఒకరోజు తెల్లవారుజామున, వలలు సర్దుకుంటున్న మనుషుల ముందుకు వచ్చి, ఆ బోర్డును తమ చేతులతోనే పీకి పట్టుకుపోవాలి.