ఇరవై ఏడు మాత్రలు

నల్లగొండలో మా ఇంటికీ యాదగిరి మాస్టారి ఇంటికీ నడుమ ఉన్నది ఒకే గోడ, అది కూడా నిలువెత్తు లేదు. మాస్టారు ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులు. ఆయన సతీమణి సులోచనమ్మ ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి ఇంటికి వచ్చినవారు. ప్రతి ఆదివారం సాయంత్రం మా వీధిలోని పన్నెండు మందిమి వాళ్ల వరండాలో కూర్చుని పాలి భాషలో బుద్ధవందన చదువుతాము. వచ్చే వైశాఖ పౌర్ణమికి నాగార్జునసాగర్‌లోని బుద్ధవనానికి వెళ్లి, అక్కడి మహాస్తూపం లోపల కూర్చుని చదవాలని నిర్ణయించుకున్నాము. నిర్ణయించుకున్న నాటి నుంచి ఆ ఇంట్లో శాంతి లేదు.

కిందటి ఆదివారం అందరూ వెళ్లిపోయాక, సులోచనమ్మ వరండాలో బండ ముందు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తుండగా జరిగిన ఈ సంభాషణను నేను గోడ ఇవతల నుంచి విన్నాను. వినకుండా ఉండగలిగేంత ఎత్తు ఆ గోడకు లేదు.

సులోచన: ఇవాళ మీరు "నమో తస్స" అని ఎత్తుకుని "సమ్మాసంబుద్ధస్స" అని దించేలోగా నేను మన వరుసలో కూర్చునే ముసలి నర్సవ్వ ఊపిరిని లెక్కపెట్టాను. మూడుసార్లు పీల్చి మూడుసార్లు వదిలింది. ఒక్క వాక్యానికి మూడు ఊపిరులు పడితే దానిని వందన అనరండీ, వ్యాయామం అంటారు.

యాదగిరి: నీవు వందనకు కూర్చున్నావా, వార్డులో రోగులను చూడడానికి వచ్చావా? ఆ వాక్యానికి ఒక లెక్క ఉన్నది సులోచనా. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. "నమో తస్స" 6, "భగవతో" 5, "అరహతో" 5, "సమ్మాసంబుద్ధస్స" 11. మొత్తం 27 మాత్రలు.

సులోచన: 27 మాత్రలా? మా పెద్ద డాక్టరు కూడా ఒక్క మనిషికి ఒక్క పూటకు అన్ని రాసేవాడు కాదు.

యాదగిరి: పరిహాసానికి ఇది వేళ కాదు. సంస్కృతంలోని "తస్య" పాలిలో "తస్స" అయింది. ఆ ద్విత్వాన్ని నిలిపి పలకకపోతే అది "తస" అవుతుంది, "బుద్ధ" అనేది "బుధ" అవుతుంది, అప్పుడు మనం చేసేది బుద్ధవందన కాక బుధవారం వందన అవుతుంది. వేగంగా చదివేవాళ్ల నోట మొట్టమొదట నలిగిపోయేది ద్విత్వమే.

సులోచన: ద్విత్వాన్ని నిలపమంటే నిలుపుతాము. మీరు నిలిపినదానిని మళ్లీ వదిలిపెట్టరు కదా, అక్కడ వచ్చింది చిక్కు. చివరి "స్స" లఘువని ఇప్పుడు మీ లెక్కలోనే తేలింది. ఆ లఘువు మీదనే మీరు అంత రాగం తీస్తే గురువులు ఏమనుకోవాలి?

(ఇక్కడ మాస్టారు ఒక క్షణం మాట్లాడలేదు. పండితుడిని ఆయన లెక్కతోనే పట్టుకోవడం నేను మొదటిసారి విన్నాను.)

యాదగిరి: సరే, నా సంగతి అలా ఉంచు. మొన్న నాకు గొంతు పట్టేసి పంచశీల నిన్ను చదివించమంటే ఏం చేశావు? టీకాల వరుసలో పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని జరిపినట్టు శీలాలను జరిపావు. ప్రతి శీలం చివర వచ్చే "వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అన్నది అయిదుసార్లు వినపడాలి. నాకు నాలుగుసార్లే వినపడింది. ఏది పోయిందని తరచి చూస్తే, అబద్ధమాడనని చెప్పే "ముసావాదా" పోయింది.

సులోచన: అదేమీ పోలేదు. నేను చదివాను.

యాదగిరి: చూశావా, నాలుగవ శీలం చదవకపోతే ఏమవుతుందో అప్పుడే కనపడుతున్నది.

సులోచన: నేను తొందరపడినది పొయ్యి మీద పాలు ఉన్నందువల్ల. మీకు పాలూ లేవు, పొయ్యీ లేదు, మరి మీ సాగదీతకు కారణమేమిటి? పైగా మత్తు పానీయాలు ముట్టనని చెప్పే అయిదవ శీలం దగ్గర "సురామేరయమజ్జపమాదట్ఠానా" అనే మాట రాగానే పన్నెండు మందిమీ పన్నెండు దారులు పడుతున్నాము. అంత పొడవైన మాటను మీరు ఒక్క ముక్కగా అందిస్తే ఎవరు అందుకోగలరు? సాయంత్రం కల్లు మండువాకు పోయే మన పాలాయన ఒక్కడే దానిని తడబడకుండా దాటిస్తున్నాడు, అది కూడా దాటించాలన్న తొందరలో.

యాదగిరి: బుద్ధుడి ఉపదేశాల గ్రంథం అంగుత్తరనికాయంలో సోణుడనే భిక్షువు కథ ఉన్నది. వీణ తీగను మరీ బిగిస్తే పలకదు, మరీ వదులు చేస్తే పలకదు, సమంగా ఉంటేనే పలుకుతుందని బుద్ధుడు ఆయనకు చెప్పాడు. నేను ఆ మధ్యస్థమైన గతినే పాటిస్తున్నాను.

సులోచన: సోణుడు పట్టుదలగా చంక్రమణం, అంటే నడుస్తూ ధ్యానం, చేసి చేసి పాదాలు పగిలి రక్తం కారితే ఆ మాట చెప్పాడు. మీ పాదాలకు ఏమీ కాలేదు, మా చెవులకే అయింది. మీరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు అదే అంగుత్తరనికాయంలో నేను ఇంకొకటి చదివాను. ధర్మాన్ని పాటలా సాగదీసి చదివితే అయిదు దోషాలని అందులో స్పష్టంగా ఉన్నది.

యాదగిరి: గీతస్సర సుత్తం. నాకు తెలుసు.

సులోచన: తెలిసి చేశారంటే ఆరవ దోషం కూడా కలపాలి. మొదటిది, చదివేవాడు తన గొంతుకు తానే మురిసిపోవడం. దీని గురించి నేను వేరుగా చెప్పనవసరం లేదు, మీరు కళ్లు మూసుకుని తల ఊపడం వీధంతా చూసింది. రెండవది, వినేవాళ్లు కూడా ఆ గొంతుకు మురిసిపోవడం. ఇది మీకు అంటదు, ఎందుకంటే ఎవరూ మురిసిపోలేదు. మూడవది, మేము పాడుకున్నట్టే వీళ్లూ పాడుతున్నారేమిటని గృహస్థులు విసుక్కోవడం. అది గోడ అవతల చెవి పెట్టుకుని నిలబడినాయనను అడగండి.

(నేను కాస్త వంగి కూర్చున్నాను.)

సులోచన: నాలుగవది, స్వరాన్ని చక్కబరచుకునే ధ్యాసలో ఏకాగ్రత చెదరడం. ఇవాళ రెండవసారి అని చెప్పే "దుతియంపి" తర్వాత, మూడవసారి అని చెప్పే "తతియంపి" రావలసినచోట, మళ్లీ "దుతియంపి" అన్నది మీరే. అయిదవది, వెనుక వచ్చే తరం దానినే చూసి నేర్చుకోవడం. నిన్న మనుమడు పాలు కావాలని అడగడానికి కూడా అదే రాగం తీశాడు.

యాదగిరి: సులోచనా, సగం చదివి వాదానికి దిగకూడదు. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో సాగదీసే గానాన్ని కాదన్న తర్వాత, భిక్షువులకు సందేహం వస్తే, సరభఞ్ఞాన్ని, అంటే స్వరయుక్తమైన పఠనాన్ని బుద్ధుడే అనుమతించాడు. కనుక స్వరం ఉండవచ్చు.

సులోచన: ఉండనివ్వండి. అనుమతి స్వరానికి దొరికింది, సాగదీతకు దొరకలేదు.

యాదగిరి: మహాస్తూపం లోపల పైకప్పు గుండ్రంగా ఉంటుంది. అక్కడ పలికిన అక్షరం తిరిగి మన మీదికే వస్తుంది. మనం తొందరపడితే ముందటి అక్షరం తిరిగి వచ్చేసరికి తరువాతి అక్షరం దానికి ఎదురవుతుంది. 274 ఎకరాల బుద్ధవనానికి అంత దూరం పోయి సంతలో కేకల వలె వినిపించడానికా?

సులోచన: ఇది మటుకు నేను ఒప్పుకుంటాను.

యాదగిరి: ఏమన్నావు?

సులోచన: ఒప్పుకుంటానన్నాను. రెండవసారి అనను. అయితే అక్కడ నిదానించవలసింది వాక్యానికి వాక్యానికి నడుమ, అక్షరం లోపల కాదు. మీరు తదుపరి మాట ఎత్తుకునే ముందు, చివరి గొంతు ఆగిందా లేదా వినాలి. మీరు వినరు. మీరు చదివించేవారు, మేము వెంట పలికేవాళ్లము. మా తోక ఇంకా ఊగుతుండగానే మీ తల లేస్తుంది.

యాదగిరి: విన్నాను. పోయిన నెల, అందరూ ఒకరిని ఒకరు వింటూ కలిసి చదవాలని చెప్పింది నేనే కదా. ఏమైంది? పెళ్లి బంతిలో పక్కవాడు ముద్ద ఎత్తనీ అని ప్రతివాడూ ఆగితే అన్నం చల్లారినట్టు, ఒకరి కోసం ఒకరు ఆగి ఆగి, చివరికి వచ్చేసరికి గతి సగమైంది, శ్రుతి బావిలోకి దిగింది. ఎవరో ఒకరు కొంచెం ముందుకు నెట్టకపోతే గుంపు పఠనం తనంతట తాను కిందికే జారుతుంది.

సులోచన: నెట్టేవాడు ముందుకు నెట్టాలి. మీరు పట్టుకుని వెనక్కి లాగుతున్నారు.

యాదగిరి: ఒక్క నర్సవ్వ ఆయాసం కోసం పన్నెండు మంది గతి మార్చడం న్యాయమా? థాయిలాండ్ విహారాలలో భిక్షువులు అందరూ ఒక్క చోట ఆగరు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే మిగిలినవారు మోస్తారు. ఊపిరి తీసుకున్నవారు తప్పిపోయిన ముక్కను విడిచిపెట్టి, గుంపు ఎక్కడ ఉంటే అక్కడ కలుస్తారు. అందువల్ల ప్రవాహం తెగదు.

(చింతపండు మీద రాయి ఆగింది.)

సులోచన: ఈ మాట మీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?

యాదగిరి: చాలాకాలం నుంచి.

సులోచన: మరి నర్సవ్వకు ఎందుకు చెప్పలేదు? పాపం ఆ అవ్వ తప్పిపోయిన ముక్కను వెనక్కి పోయి పూర్తి చేసి, మనల్ని అందుకోవాలని పరుగెత్తి, ఇంకా ఆయాసపడుతున్నది. తీరికగా ఉన్న మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఆమె ఇవాళ ఇరవై ఆరు తీసుకుంది. మీ 27 మాత్రలకు ఒకటి తక్కువ.

(మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. రాయి చప్పుడు మళ్లీ మొదలైంది. ఓడిపోయినప్పుడు ఆయన సాధారణంగా చరిత్రలోకి వెళ్లిపోతారు, ఇప్పుడూ అదే చేశారు.)

యాదగిరి: నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, వంగం, ఇంకా ఎన్నో దేశాల పేర్లు ఉన్నాయి. ఇన్ని నోళ్లు అక్కడ కలిసి పఠించి ఉంటే గతి ఎలా కుదిరిందో అని ఆలోచిస్తున్నాను.

సులోచన: కట్టించినది ఆడది అని మీ నోటితోనే చెప్పారు కనుక, గతి కూడా ఆమెనే అడిగి ఉంటారు.

యాదగిరి: చైనాలో, జపానులో అయితే ఈ తగాదాయే లేదు. చేప ఆకారంలో తొలిచిన కొయ్యను ఒకరు కొడుతుంటే అందరూ ఆ దెబ్బకు పఠిస్తారు. చేప కన్ను మూయదు కనుక, పఠించేవారు కూడా మెలకువగా ఉండాలని దానికి ఆ ఆకారం. మనకు కొయ్య చేప లేదు.

(చప్పుడు ఆగలేదు. రాయి చింతపండు మీద ఒక్క తీరుగా పడుతూనే ఉన్నది. నాకు గోడ ఇవతల అర్థమైంది, ఆయనకు ఇంకా కాలేదు.)

సులోచన: చేప లేదు. చదవండి.

యాదగిరి: ఇప్పుడా?

సులోచన: ఇప్పుడే.

మాస్టారు "నమో తస్స" అందుకున్నారు. మొదటి సారి ఆయన రాయి కంటే వెనకబడ్డారు, రెండవ సారికి సర్దుకున్నారు, మూడవ సారికి "స్స" మీద రాగం తీయబోయి, పడబోతున్న దెబ్బను చూసి మింగేశారు. "బుద్ధం సరణం గచ్ఛామి" దగ్గర చాట తిరిగి ఇవ్వడానికి నర్సవ్వ వచ్చింది. వచ్చి మెట్టు మీద కూర్చుని, తన ఊపిరితో తాను కలిసింది. సులోచనమ్మ ఆమె వైపు చూడనే లేదు, కానీ రాయి కొద్దిగా నిదానించింది. "తతియంపి" నడుమ ఒకచోట అవ్వ గొంతు ఆగింది, వీళ్లిద్దరి గొంతులూ సాగాయి, రెండు అక్షరాల తర్వాత అవ్వ వాళ్లు ఉన్న చోటే వచ్చి కలిసింది. పంచశీలలో "ముసావాదా" కూడా వినపడింది. అయిదవ శీలంలో మాస్టారు "సురా", "మేరయ", "మజ్జ", "పమాదట్ఠానా" అని నాలుగు దెబ్బలకు నాలుగు ముక్కలుగా అందించారు, ఎవరూ దారి తప్పలేదు. గోడ ఇవతల నేను కూడా తప్పలేదు.

యాదగిరి: విన్నావా? 27 మాత్రలూ ఉన్నాయి. నా లెక్క ఒక్కటి కూడా తప్పలేదు.

సులోచన: మీ లెక్కా? రాయి ఎవరి చేతిలో ఉన్నది?

యాదగిరి: రాయికి ఛందస్సు తెలియదు.

సులోచన: ఛందస్సుకు అవ్వ ఆయాసం తెలియదు.

నర్సవ్వ: బిడ్డా, నేను వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, నువ్వు ఒకే ముద్దను కొడుతున్నావు. ఆ ముద్ద పచ్చడి అయింది, బుట్ట మటుకు ముట్టుకోనట్టే ఉన్నది.

(ముగ్గురూ బుట్ట వైపు చూశారని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బండ మీద ఇంకొక రాయి పెట్టిన చప్పుడు వినపడింది.)

సులోచన: తీసుకోండి పండితులవారూ. 27 మాత్రలకు ఎన్ని గింజలు ఊడుతాయో ఇక మీరే లెక్క చెప్పండి.