సవరణ: పెన్నులో ఇమిడే పిక్ సెట్టు ఏ తాళాలకు పనికివస్తుంది?

పాత పెన్నులో రీఫిల్ తీసేసి, ఆ గొట్టంలో ఇమిడేలా పిక్కులను (తాళంచెవి లేకుండా తాళం తెరిచే సన్నని పనిముట్లను) ఇంట్లోనే చేసుకునే పద్ధతిని వివరించిన వ్యాసంలో, ‘ఇంట్లో ఉన్న ఏ తాళంకప్ప మీదనైనా సాధన చేయవచ్చు’ అన్న వాక్యాన్ని ‘సొంతవైన, వాడుకలో లేని పిన్ టంబ్లర్ తాళాల మీద మాత్రమే’ అని మార్చి చదువుకోవాలని మనవి.

అమెరికాకు చెందిన తాళాల తయారీదారు లైనస్ యేల్ జూనియర్ 1865లో పేటెంట్ పొందిన నమూనా బాటలో వచ్చిన పిన్ టంబ్లర్ తాళంలో, అంటే లోపల వరుసగా చిన్న పిన్నులు ఉండే తాళంలో, తాళంచెవితో పాటు తిరిగే సిలిండరును వంచిన రేకుతో అతి తేలికగా తిప్పిపట్టి ఉంచితే, ఏదో ఒక పిన్ను మిగతావాటి కంటే ముందుగా బిగుసుకుంటుంది. దాన్ని పిక్కు కొనతో సరైన ఎత్తుకు లేపగానే చిన్న టిక్కుమనే చప్పుడుతో సిలిండరు వెంట్రుకవాసి కదులుతుంది. మన ఇళ్లలో విరివిగా కనిపించే లివర్ తాళంకప్పల నిర్మాణం వేరు. వాటిలో ఒకదానిపై ఒకటి పేర్చిన రేకులన్నీ సరిగ్గా ఒకే వరుసలోకి వస్తే తప్ప లోపలి గడియ కదలదు కనుక, ఒత్తిడి పెట్టవలసింది ఆ గడియ మీదే. పెన్నులో పట్టే సన్నని పనిముట్లు అంత బలానికి ఆగవు.

లోహం విషయంలోనూ ఒక స్పష్టత అవసరం. హెయిర్‌పిన్ను సులభంగా వంగిపోతుంది, కారు వైపరు బ్లేడులోని స్ప్రింగు స్టీలు పట్టీయే మేలు. అయితే దాన్ని సానబెట్టేటప్పుడు నీలిరంగుకు తిరిగేంత వేడెక్కనిస్తే బిగువు చెడిపోవచ్చు కాబట్టి, తరచూ నీళ్లలో ముంచుతూ, చివరి మెరుగు ఆకురాయితోనే దిద్దాలి.